సూది పడగానే కాన్పు కాదు

డాక్టరమ్మ ఇచ్చిన డేటు శుక్రవారం. శుక్రవారం వచ్చింది, పోయింది. మళ్ళీ శుక్రవారం దగ్గర పడింది. నొప్పుల జాడ లేదు. చేవెళ్ల దగ్గరి ఒక పల్లెలో తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయిని ఊహించుకోండి. ఇంటి వెనక చామంతి తోట, వాకిట్లో మార్కెట్టుకు పోవాల్సిన టమాటా డబ్బాలు. ఆమె మంచం మీద నుంచి లేచిన ప్రతిసారీ తల్లి నోట ఒకటే ప్రశ్న: "ఏమన్న నొప్పనిపిస్తుందా బిడ్డా?" చూడవచ్చిన వాళ్ళు తలా ఒక మాట చెప్పి పోతారు. ఆముదం తాగించమని ఒకరు, అమావాస్య వెళ్ళేదాకా ఆగమని ఇంకొకరు. చివరికి ఊరి ఆశా కార్యకర్త వచ్చి కార్డు తిప్పి చూసి, "41 వారాలు నిండుతున్నయక్కా, దవాఖానకు పోదాం, నొప్పులు తెప్పిస్తరు" అంటుంది.

నొప్పులు తెప్పించడం. ఆ రెండు మాటలు వినగానే ఇంటిల్లిపాదికీ ఒకటే ఊహ. పొద్దున సూది ఇస్తారు, గంటకు నొప్పులొస్తాయి, సాయంత్రానికి బిడ్డ చేతికొస్తుంది. అందుకే మధ్యాహ్నానికే వార్డు బయట గొణుగుడు మొదలవుతుంది. రాత్రయ్యేసరికి అది భయమవుతుంది. మర్నాటి పొద్దుటికి, "ఇంక ఓపిక లేదు సారూ, ఆపరేషన్ చేసెయ్యండి" అన్న మాట ఇంటివాళ్ళ నోటనే వస్తుంది. లోపల మాత్రం వైద్యం అప్పటికి సగం దారిలో, సరిగానే నడుస్తూ ఉండొచ్చు. ఆ సగం దారి గురించే ఈ వ్యాసం.

గర్భసంచికి కిందివైపు ఒక మూతి ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని గర్భాశయ ముఖద్వారం అంటారు, డాక్టర్లు సర్విక్స్ అంటారు. మనం మూతి అనే అందాం. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుండే ఈ మూతి తొమ్మిది నెలలూ బిగిసి ఉండబట్టే బిడ్డ లోపల నిలుస్తుంది. కొల్లాజెన్ అనే పీచు దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. మీ ముక్కు కొనను వేలితో నొక్కి చూడండి, నెలలు నిండని మూతి అలా ఉంటుంది. ఇప్పుడు పెదవిని తాకండి, కాన్పుకు సిద్ధమైన మూతి అంత మెత్తగా మారుతుంది. పీచు అల్లిక సడలి, మధ్యలోకి నీరు చేరి, పొడవు తగ్గి, వెనక్కి తిరిగి ఉన్నది ముందుకు వస్తుంది. చాలామందిలో ఈ పని కాన్పుకు ముందే, రోజుల తరబడి, ఏ నొప్పీ తెలియకుండా సాగిపోతుంది. మనకు తెలిసేది ఆ తర్వాత వచ్చే నొప్పులు మాత్రమే. కాబట్టి కాన్పంటే నొప్పులే అనుకుంటాం. నొప్పులు తెప్పించే వైద్యంలో ఎక్కువ సమయాన్ని తినేది మాత్రం నొప్పుల కన్నా ముందుండే ఈ మెత్తబడే పనే.

అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ బిషప్ 1964లో దీనికి ఒక లెక్క కట్టాడు. మూతి ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తగా ఉంది, ఏ వైపు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అన్న అయిదింటికీ మార్కులు వేసి కలిపితే మొత్తం 13. ఎనిమిది దాటితే, మందు పెట్టి తెప్పించిన నొప్పులకూ వాటంతట అవి వచ్చిన నొప్పులకూ ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ఆరు, అంతకు లోపు ఉంటే ముందు మూతిని మెత్తబరచాలి. అరవై ఏళ్ళు గడిచినా ఇప్పటికీ లేబర్ రూముల్లో ఇదే కొలమానం. లోపలి పరీక్ష అయ్యాక డాక్టరమ్మను అడగదగ్గ మొదటి ప్రశ్న "ఎన్ని గంటలకు కాన్పవుతుంది" అన్నది కాదు, "నా స్కోరు ఎంత వచ్చింది" అన్నది. అది మూడు అని చెబితే ఈ రాత్రి ఇక్కడే, రేపు కూడా ఇక్కడే కావచ్చని అర్థం. ఇంటి నుంచి దుప్పటి తెప్పించుకోవచ్చు, పొలం పనికి మనిషిని మాట్లాడుకోవచ్చు.

అసలు ఆగితే ఏమవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. మాయ బిడ్డకు తిండీ ప్రాణవాయువూ అందించే అవయవం, దానికీ ఒక వయసుంటుంది. 41 వారాలు దాటాక కొందరిలో దాని పని తగ్గుతుంది, ఉమ్మనీరు తగ్గుతుంది. అందరిలో కాదు, చాలామందిలో కూడా కాదు. కానీ ఎవరిలో అలా జరుగుతుందో ముందే పసిగట్టడం కష్టం. స్వీడన్‌లో 2,760 మంది గర్భిణులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 41 వారాలకు నొప్పులు తెప్పించారు, రెండో జట్టును 42 దాకా ఆగమన్నారు. ఆగినవాళ్ళలో ఆరుగురు బిడ్డలు చనిపోయారు, మొదటి జట్టులో ఒక్కరూ పోలేదు. పరిశోధనను అక్కడితో ఆపేశారు. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. ఏ ఇబ్బందీ లేని గర్భిణికి 41 వారాలు నిండితే నొప్పులు తెప్పించడం మంచిదనీ, అంతకు ముందే తొందరపడవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకు ముందు ఏడాదే చెప్పింది. బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, షుగర్ అదుపులో లేకపోయినా, నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోయినా, బిడ్డ ఎదుగుదల ఆగినా లెక్క మారుతుంది. అప్పుడు 37, 38 వారాలకే తెప్పించాల్సి రావచ్చు.

ఈ లెక్కంతా డేటు మీద నిలబడి ఉంది. మన దగ్గర కాలు జారేది అక్కడే. ఆఖరి నెలసరి ఎప్పుడని అడిగితే, "బోనాలకు ముందు", "బతుకమ్మ పేర్చిన నాలుగు రోజులకు" అని చెప్పే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పండుగతో గుర్తు పెట్టుకోవడం తప్పేమీ కాదు. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి తొమ్మిది నెలల ఏడు రోజులన్నది వైద్యుల లెక్క, తొమ్మిది నెలల తొమ్మిది రోజులన్నది మన పెద్దల లెక్క. తేడా రెండు రోజులే! అయితే నెలసరి క్రమం తప్పే ఆడవాళ్ళకు రెండు లెక్కలూ పనిచేయవు. వాళ్ళకు దారి మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్. అప్పటి బిడ్డ పొడవును బట్టి కట్టిన డేటు మహా అయితే వారం అటూ ఇటూ ఉంటుంది. తొమ్మిదో నెల స్కానింగ్‌లో వచ్చే డేటుకు రెండు మూడు వారాల తేడా ఉండొచ్చు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చే అమ్మాయి చీరలు, గాజులు, పసుపు కుంకుమలు తెచ్చుకుంటుంది. ఆ మొదటి స్కానింగ్ కాగితం మాత్రం అత్తగారింట్లో బీరువాలోనే ఉండిపోతుంది. ఆ ఒక్క కాగితం లేకపోతే 38 వారాల బిడ్డను 41 అనుకొని తొందరపెట్టే ప్రమాదమూ ఉంది, 42 దాటిన బిడ్డను ఇంకా టైముందిలే అని వదిలేసే ప్రమాదమూ ఉంది. తల్లీబిడ్డల ఆరోగ్యం రాసే ఎంసీపీ కార్డుతో పాటు ఆ స్కానింగ్ కాగితాన్నీ సంచిలో పెట్టుకోవాలి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటామంటే ఇదే గుర్తుంచుకోండి.

ఇక మెత్తబరచే సాధనాలు. వీటిలో నాకు అన్నింటికన్నా ఆత్మీయంగా తోచేది ఫోలీ గొట్టం. మూత్రం పోవడానికి పెట్టే ఆ రబ్బరు గొట్టాన్నే మూతి గుండా లోపలికి పంపి, కొనన ఉన్న బుడగలోకి 30 నుంచి 60 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కిస్తారు. బుడగ లోపలి నుంచి మూతి మీద మెల్లగా బరువు మోపుతుంది. ఆ ఒత్తిడికి మూతి తనలో తానే మెత్తబరచే రసాయనాలను విడుదల చేసుకుంటుంది. మూతి మూడు సెంటీమీటర్ల దాకా తెరుచుకుంటే గొట్టం దానంతట అదే జారిపోతుంది. అలా జారినప్పుడు ఏదో తప్పు జరిగిందని కంగారు పడతారు, నిజానికి అది శుభవార్త. మందు లేదు, ఖర్చు కొద్దిపాటిది, పెట్టేటప్పుడు కాసేపు అసౌకర్యం, తర్వాత నడవొచ్చు, తినొచ్చు. ముందు కాన్పు ఆపరేషన్ అయిన వాళ్ళకు నొప్పులు తెప్పించక తప్పకపోతే, పెద్ద ఆసుపత్రిలో, చాలాసార్లు దీన్నే ఎంచుకుంటారు.

రెండోది ప్రోస్టాగ్లాండిన్లు. మూతి తనంతట తాను మెత్తబడేటప్పుడు ఒంట్లో తయారయ్యేవి ఇవే. వీటితో నొప్పులు తెప్పించవచ్చని 1968లో చూపించినవాడు ఉగాండాలోని కంపాలాలో పనిచేసిన సుల్తాన్ కరీం. మన ఆసుపత్రుల్లో ఇవి ఎక్కువగా రెండు రూపాల్లో దొరుకుతాయి. ఒకటి ఫ్రిజ్‌లో దాచి, లోపల పెట్టే జెల్. రెండోది మిసోప్రోస్టాల్ మాత్ర, కడుపులో పుండ్ల కోసం పుట్టిన మందు. పుండ్లకు వాడే మాత్ర 200 మైక్రోగ్రాములు, నొప్పులకు కావలసింది 25 మాత్రమే. ఎనిమిదో వంతు! పెద్ద మాత్రను బ్లేడుతో ముక్కలు చేస్తే ఏ ముక్కలో ఎంత మందు పడుతుందో చెప్పలేం. అందుకే ప్రత్యేకంగా 25 మైక్రోగ్రాముల మాత్రలు వచ్చాయి. నోటితో అయితే రెండు గంటలకు ఒకటి.

గొట్టమా, మాత్రా అన్న తగవును తీర్చడానికి నాగపూర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో బీపీతో బాధపడుతున్న 602 మంది గర్భిణుల మీద ఒక పరిశోధన చేశారు, 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. 24 గంటల్లోపు మామూలు కాన్పయిన వాళ్ళు మాత్రతో నూటికి 57 మంది, గొట్టంతో 47 మంది. మాత్రదే పైచేయి అని వైద్యులు చదువుకుంటారు. వార్డు బయట కూర్చున్న తండ్రి మాత్రం ఇంకోలా చదవాలి. మంచి మందు, మంచి పర్యవేక్షణ ఉన్నా, ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి మామూలు కాన్పయింది సగానికి కాస్త పైన. ఒక రోజు గడిచిందంటే వైద్యం ఓడిపోయిందని కాదు.

ఆముదం మాట ఎత్తి వదిలేశాను. మన నానమ్మల నమ్మకం ఉత్తదేమీ కాదు. ఆముదంలోని రిసినోలెయిక్ ఆమ్లం పేగుల్లోనూ గర్భసంచిలోనూ ఇదే ప్రోస్టాగ్లాండిన్లు తలుపు తట్టే చోటునే తడుతుందని 2012లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. కానీ అది గర్భసంచి కన్నా ముందు పేగులను కదిలిస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయిన అమ్మాయి కాన్పు బల్ల ఎక్కేసరికే అలిసిపోయి ఉంటుంది. ఎంత తాగితే ఎంత పనిచేస్తుందో చెప్పే కొలత లేదు. ఇంట్లో తాగించవద్దు.

మూతి మెత్తబడ్డాక రెండో అంకం. బిడ్డ తల కిందికి దిగి ఉంటే చిన్న కొక్కెంలాంటి సాధనంతో ఉమ్మనీటి సంచికి చిల్లు పొడుస్తారు. సంచికి నరాలుండవు కాబట్టి అది తెగినందుకు నొప్పి ఉండదు, వెచ్చని నీరు జారడం తెలుస్తుంది. ఆ నీరు ఏ రంగులో ఉందో నర్సమ్మ చూస్తుంది. పచ్చగా ఉంటే బిడ్డ లోపలే విసర్జించిందని అర్థం, అప్పటి నుంచి గుండె చప్పుడు మీద ఇంకా గట్టి నిఘా పెడతారు. ఆపైన సెలైన్‌లో ఆక్సిటోసిన్.

ఆక్సిటోసిన్ పేరు తెలియకపోయినా ఆ మందు మన పల్లెలకు కొత్త కాదు. బర్రె చేపకపోతే ఇచ్చే పాల సూది అదే. గ్రీకు భాషలో ఆ మాటకు త్వరిత ప్రసవమని అర్థం. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి సారానికి గర్భసంచిని ముడిచే గుణముందని హెన్రీ డేల్ 1906లో గమనించాడు. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ చిన్న గొలుసును విన్సెంట్ డు విన్యో 1953లో ప్రయోగశాలలో అల్లాడు, రెండేళ్ళకు నోబెల్ అందుకున్నాడు. పశువుల మీద దుర్వినియోగం ఆగాలని మన కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రైవేటు కంపెనీలు దీన్ని దేశంలో అమ్మడానికి తయారు చేయకూడదంది. అదే జరిగితే తల్లులకు మందు కరువవుతుందన్న వాదన విని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది డిసెంబరులో ఆ ఉత్తర్వును కొట్టేసింది.

ఈ మందుకున్న గొప్ప గుణం, రక్తంలో అది కొద్ది నిమిషాలే నిలవడం. చుక్కల లెక్కన తక్కువతో మొదలుపెట్టి అరగంటకోసారి పెంచుతూ పోతారు. పది నిమిషాల్లో మూడు నాలుగు నొప్పులు, ఒక్కోటి 40 నుంచి 60 సెకన్లు ఉండేలా చూస్తారు. పది నిమిషాల్లో అయిదు దాటితే ఎక్కువైనట్టు. ప్రతి నొప్పికీ గర్భసంచి కండరం బిగుసుకొని మాయకు వెళ్ళే రక్తం కాసేపు తగ్గుతుంది, నొప్పికీ నొప్పికీ మధ్య విరామంలోనే బిడ్డ ఊపిరి తీసుకున్నట్టు లెక్క. విరామం పోతే బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంది. అప్పుడు చేసే మొదటి పని చుక్కలు ఆపడం, తల్లిని పక్కకు తిప్పడం. కొద్ది నిమిషాల్లోనే గర్భసంచి సడలుతుంది. చుక్కల్లో ఇస్తే వెనక్కి తీసుకోవచ్చు. కండకు పొడిచిన సూదిని వెనక్కి తీయలేం. ఇంటి దగ్గర, శిక్షణ లేనివాళ్ళు "నొప్పుల సూది" అని కండకు వేసే ఆక్సిటోసిన్ నన్ను భయపెట్టేది అందుకే. బిడ్డకు ఊపిరి అందకపోవడమే కాదు, గర్భసంచి చిట్లిపోనూవచ్చు. ముందు కాన్పు ఆపరేషన్ అయిన తల్లికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ, మిసోప్రోస్టాల్ మాత్రను కూడా ఆమెకు వాడరు. ఎవరు ఎంత చనువుగా చెప్పినా, కాన్పుకు ముందు ఇంట్లో ఆ సూది వేయించుకోకూడదు.

తెప్పించిన నొప్పులు వాటంతట అవి వచ్చే నొప్పుల కన్నా గట్టిగా ఉంటాయని తల్లులు చెబుతారు. నమ్మాల్సిన మాటే. మామూలుగా మెల్లగా, రోజంతా పెరిగేది ఇక్కడ త్వరగా ముదురుతుంది. పొట్టకు బెల్టులు కట్టి బిడ్డ గుండె వింటుంటారు, చేతికి సెలైన్ ఉంటుంది, తిరగడం కష్టం. వెన్నులో ఇచ్చే నొప్పి నివారణ సూది ఎక్కడా దొరకదనీ అనలేం, అన్నిచోట్లా దొరుకుతుందనీ అనలేం, చేరేటప్పుడే అడగాలి. పక్కన మనిషి ఉండటం మాత్రం హక్కు లాంటిది. ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. అమ్మో, అక్కో, వదినో నడుం రాస్తూ పక్కన ఉంటే మామూలు కాన్పయ్యే అవకాశమే పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

మూతి అయిదు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా కాన్పు జోరందుకోదు. పది దాకా తెరుచుకోవాలి. మొదటి అయిదుకు పట్టే కాలం తర్వాతి అయిదుకు పట్టే కాలం కన్నా ఎంతో ఎక్కువ. సంచి చిట్లి, ఆక్సిటోసిన్ పెట్టాక కూడా, తల్లీ బిడ్డా బాగున్నంత వరకు కనీసం 12 నుంచి 18 గంటలు చూడకుండా విఫలమైందని తేల్చకూడదన్నది నేటి వైద్యం మాట. బిడ్డ గుండె తడబడితే, రక్తస్రావమైతే, అప్పుడు ఆపరేషన్ ప్రాణదాత, ఒక్క నిమిషం వెనకాడకూడదు. ఓపిక పోయినందుకు చేసే ఆపరేషన్ సంగతి వేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో నూటికి 60.7 ఆపరేషన్లే, దేశంలో ఇదే అన్నింటికన్నా ఎక్కువ. ప్రైవేటులో అయితే 81.5. దేశం మొత్తానికి 21.5. నొప్పులు తెప్పించడం వల్లే ఆపరేషన్లు పెరుగుతాయన్న అనుమానం మనలో బలంగా ఉంది. కానీ అమెరికాలో 6,106 మంది తొలి చూలు గర్భిణులతో చేసిన పరిశోధనలో, 39వ వారంలో నొప్పులు తెప్పించిన వాళ్ళలో ఆపరేషన్లు నూటికి 18.6, ఆగిన వాళ్ళలో 22.2. ఆ ఆసుపత్రుల్లో ఓపిగ్గా కనిపెట్టుకొని ఉండటం ఆ అంకెకు ఒక కారణం కావచ్చు. అంతేగానీ 39కే అందరికీ తెప్పించమని దాన్ని మనం ఇక్కడికి ఎత్తుకురాలేం. కనిపెట్టుకొని ఉండే నర్సులు కావాలని రాష్ట్రం 2017లో కరీంనగర్‌లో, ఫెర్నాండెజ్ ఆసుపత్రి తోడ్పాటుతో, నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అది ప్రతి మండలానికీ చేరాలని నా కోరిక.

ముహూర్తం గురించి ఒక్క మాట. ఫలానా నక్షత్రంలో పుట్టాలి, ఆ రోజు పొద్దున నొప్పులు తెప్పించండి అని అడిగేవాళ్ళున్నారు. మొదలుపెట్టే గంట మన చేతుల్లో ఉంటుంది, ముగిసే గంట ఉండదు. మధ్యాహ్నం 12 లోపు కావాలని పట్టుబడితే, ఆ పట్టుదలను తీర్చగలిగింది కత్తి ఒక్కటే.

చేవెళ్లలో సర్కారు దవాఖానా ఉంది, వైద్య కళాశాల ఆసుపత్రీ ఉంది. మొయినాబాద్ మండలం యెన్కపల్లిలో మరో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఎక్కడ చేరినా రాత్రి పూట మత్తు డాక్టరు ఉంటారా, ఆపరేషన్ గది తెరిచి ఉంటుందా, రక్తం దొరుకుతుందా అని ముందే కనుక్కోవాలి. ఆ మూడూ ఉన్న చోటే నొప్పులు తెప్పించుకోవాలి. లేకపోతే నడి నొప్పుల్లో 108 ఎక్కి, వికారాబాద్ రోడ్డు మర్రిచెట్ల కింద నుంచి హైదరాబాద్‌లోని పేట్లబుర్జు కాన్పుల దవాఖాన దాకా పోవాల్సి వస్తుంది. చేవెళ్ల నుంచి నగరం నడిబొడ్డు సుమారు 40 కిలోమీటర్లు. పగటి పూట ఆ మర్రుల నీడ ఎంత చల్లనిదో, నొప్పుల మీద ఉన్న మనిషికి అర్ధరాత్రి ఆ దారి అంత పొడవు.

బిడ్డ ఏడుపు వినపడగానే బయట అందరూ లేచి నిలబడతారు, మిఠాయిల కోసం ఒకరు పరుగెడతారు. లోపల పని ఇంకా ఉంది. గంటల తరబడి మందుతో పనిచేసిన గర్భసంచి అలిసి ఉంటుంది. మాయ పడ్డాక అది గట్టిగా ముడుచుకోకపోతే నెత్తురు ఆగదు. అందుకే కాన్పయిన నిమిషంలో అదే ఆక్సిటోసిన్‌ను మళ్ళీ ఇస్తారు, ఈసారి 10 యూనిట్లు, కండకే. బిడ్డ బయటికి వచ్చేసింది కాబట్టి ఇప్పుడు అది ప్రాణం కాపాడే సూది. తర్వాతి రెండు గంటలు నర్సమ్మ పదే పదే వచ్చి బొడ్డు కింద చేయి పెట్టి నొక్కి చూస్తుంది, గర్భసంచి గట్టి బంతిలా తగులుతోందా అని. నొప్పిగా ఉంటుంది, వద్దని చేయి తోసేయాలనిపిస్తుంది. తోసేయవద్దు. బిడ్డను చూసుకోవడానికి పదిమంది ఉంటారు, ఆ రెండు గంటలూ తల్లి పక్కన కూడా ఒకరు కూర్చోవాలి. గుడ్డలు త్వరత్వరగా తడుస్తున్నా, కళ్ళు తిరుగుతున్నాయని ఆమె అన్నా, వెంటనే నర్సమ్మను పిలవాలి.